ఒకే నంబరు... రెండు కంపైలర్లు!

రాత్రి మూడుంపావుకి ఫోన్ మోగితే ఎవరికైనా గుండె జారుతుంది. ఆ రోజుల్లో నాకు జారడానికి ఒకటే కారణం ఉండేది... చెరువు.

"అమ్మా, రెండో చెరువులో ఏరియేటర్లు తిరగట్లేదు. రొయ్య పైకొచ్చేస్తోంది. మీ డబ్బా చూస్తే పచ్చలైటు వెలుగుతానే ఉంది" అన్నాడు అవతలి నుంచి రైతు. నిజాంపట్నం వైపు ఆయనకి పక్కపక్కనే రెండు రొయ్యల చెరువులు.

"స్విచ్చి చేత్తో వేసెయ్యండి బాబాయ్. మా డబ్బా సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. నేను చెప్పకముందే కాపలా కుర్రాడు వేసేశాడట. లేకపోతే ఈ వ్యాసం వేరేగా ఉండేది. అయినా తెల్లారేసరికి గట్టు పొడుగునా చచ్చిన రొయ్య తేలింది. ఎంత పోయిందో ఆయన నాకు లెక్క చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను. ఆయన అడిగింది మాత్రం ఒక్కటే. "రెండు డబ్బాలూ ఒకటేనన్నారు గదమ్మా? మొదటి చెరువుది తిరిగింది, రెండోది ఎందుకు తిరగలా?"

రెండేళ్ల కిందటి మాట ఇది. నేను చీరాలలో ఇంటి దగ్గర్నుంచే ఒక చిన్న కంపెనీకి పనిచేస్తున్నాను. ఆక్వా చెరువుల్లో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, ఎంతుందో కొలిచి అవసరమైనప్పుడు ఏరియేటర్లను దానంతటదే తిప్పే డబ్బా తయారుచేస్తాం. పగలు చెరువు నీళ్లలోని నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే అదే నాచు, రొయ్యలు, అడుగున పేరుకున్న మేత మురుగు అన్నీ కలిసి దాన్ని పీల్చేస్తాయి. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య డీవో బాగా పడిపోతుంది. లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల కన్నా తగ్గితే మా డబ్బా ఏరియేటర్లు ఆన్ చెయ్యాలి. చేసే పని అంతే. ఆ రాత్రి అదే చెయ్యలేదు.

అంతా ఒకటే, ఏదీ ఒకటి కాదు

రెండు డబ్బాల తెరల మీదా మా ప్రోగ్రాం వెర్షన్ 2.4.1 అనే ఉంది. కోడ్ తీసి చూశాం, అక్షరం తేడా లేదు. సెన్సర్లు మార్చి చూశాం. తెర మీద డీవో రీడింగ్ సరిగ్గానే వస్తోంది. 'హద్దు 4.0' అని కూడా చక్కగా కనిపిస్తోంది. అయినా ఏరియేటర్ తిరగదు. వారం పైన పట్టింది. చివరికి రెండు డబ్బాల్లోంచి లోపలి ప్రోగ్రాంని బయటికి లాగి బైటు పక్కన బైటు పెట్టి పోల్చాం. రెండో దాని సైజు తక్కువ! ఒకే కోడు, ఒకే కంపైలరు, ఒకే నంబరు. సైజెలా తగ్గింది?

కంపైలర్ అంటే తెలియనివాళ్లకి ఒక ముక్క. మేం రాసే ప్రోగ్రాం మనుషులు చదవగలిగే భాషలో ఉంటుంది. చిప్‌కి ఆ భాష రాదు, దానికి కావాల్సింది ఒకట్లూ సున్నాలూ. వడ్లు మరపడితే బియ్యం వచ్చినట్టు, మన కోడుని చిప్ తినగలిగే రూపంలోకి మార్చే మరే కంపైలర్. వడ్లు అవే అయినా మర బిగింపు మారితే బియ్యం మారుతుంది. నూక పెరగొచ్చు, తవుడు ఎక్కువ పోవచ్చు.

మా మర జీసీసీ. ఓపెన్ సోర్స్ కంపైలర్, ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని తమకి కావాల్సినట్టు కట్టుకోవచ్చు. మాకు కావాల్సిన చిప్ కోసం 10.3 వెర్షన్‌ని, దాంతోపాటు వాడే సీ లైబ్రరీని కట్టి, ఒక ఫైల్‌గా మూటగట్టి, కంపెనీ సర్వర్‌లో పెట్టే బాధ్యత నాది. కొత్త చిప్‌లో జాగా తక్కువైంది. దాంతో నేను సీ లైబ్రరీని మళ్లీ కట్టాను, ఈసారి తక్కువ జాగా తీసుకునే 'నానో' పద్ధతిలో. జాగా బోలెడు మిగిలింది, సంబరపడ్డాను. కొత్త మూటని పాత మూట పేరుతోనే, పాత దాని మీదే పెట్టేశాను. కంపైలర్ వెర్షన్ మారలేదు కదా, నంబరెందుకు మార్చాలి అనుకున్నాను.

ఆ నానో పద్ధతిలో ఒక మెలిక ఉంది. దశాంశ బిందువున్న అంకెల్ని చదివే కోడుని అది మామూలుగా వదిలేస్తుంది. కావాలంటే మనం ప్రత్యేకంగా అడిగి కలుపుకోవాలి. నేను అడగలేదు. సెట్టింగుల ఫైల్లో '4.0' అని అక్షరాల్లో ఉంటే, తెర మీద ఆ అక్షరాల్నే చూపించాం, కాబట్టి అంతా బాగానే కనిపించింది. లోపల ఆ అక్షరాల్ని అంకెగా మార్చేచోట మాత్రం ఏమీ జరగలేదు, హద్దు సున్నాగానే మిగిలిపోయింది. డీవో సున్నా కన్నా తగ్గితే ఏరియేటర్ తిప్పాలన్నమాట! డీవో సున్నా కన్నా ఎలా తగ్గుతుంది?

మొదటి చెరువు డబ్బాలోకి వెళ్లిన ప్రోగ్రాం పాత మూటతో తయారైంది. రెండో దానిది కొత్త మూటతో. రెండిటి మీదా రాసినవన్నీ ఒకటే. కోడు వెర్షన్ ఒకటి, కంపైలర్ వెర్షన్ ఒకటి, మూట పేరు ఒకటి. తప్పు ఎక్కడుందో వెతికేవాడికి దారి చూపించాల్సిన ప్రతి నంబరూ అబద్ధం చెప్పింది. చెప్పించింది నేను.

పడవ నంబరు

ఆ వారం బుర్ర వేడెక్కి ఓ సాయంత్రం వాడరేవు వెళ్లాను. చీరాల నుంచి ఎంతో దూరం లేదు. వాడ అంటే ఓడే, పేరులోనే రేవుంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న తాత పక్కన కూర్చుని, మాకు చిన్నప్పట్నుంచీ తెలిసినవాడు కాబట్టి, జరిగిందంతా చెప్పాను. కంపైలర్ అనకుండా చెప్పడానికి నానా తంటాలు పడ్డాను.

అంతా విని ఎదురుగా ఇసకలోకి లాగిన పడవ చూపించాడు. దాని ముక్కు మీద రిజిస్ట్రేషన్ నంబరు, 'ఐఎన్‌డీ' తర్వాత 'ఏపీ' తర్వాత ఇంకేవో అంకెలు. "పాత పడవ విరిగిపోయిందనుకో. కొత్త పడవ చేయించి పాత నంబరే రాసుకుంటే ఏమవుద్ది?"

"ఏమవుద్ది తాతా?"

"ఎవురూ పట్టుకోకపోతే ఏమీ అవదు. సముద్రంలో తప్పిపోతే మాత్రం వెతికేవోళ్లు పాత పడవ కోసం వెతుకుతారు."

మాకు ఎదురైంది అక్షరాలా అదే. మేం వారం రోజులు పాత పడవ కోసం వెతికాం.

నిజానికి మా బాపట్ల జిల్లాలో ఈ సంగతి ఇంకా ముందునుంచే తెలిసినవాళ్లున్నారు. సాంబ మసూరి బియ్యం తినని తెలుగిల్లు ఉండదు. దాని అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్ల. అక్కడి వరి పరిశోధకులు తయారుచేసి 1986లో విడుదల చేసిన రకం. దానికి ఎండాకు తెగులు ఎక్కువగా వస్తోందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి, తెగులు తట్టుకునే జన్యువుల్ని అందులోకి తెచ్చారు. గింజ అదే, రుచి అదే, వంట అదే. అయినా దాన్ని బీపీటీ 5204 పేరుతో సంచుల్లో నింపలేదు. ఆర్పీ బయో 226 అని వేరే నంబరిచ్చారు. విత్తనం కొనే రైతుకి తన పొలంలో ఏముందో తెలియాలి కదా. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు చదివి నేను ఆ పాటి చెయ్యలేకపోయాను.

2.96 అనే కంపైలర్ లేదు!

నాకు ఊరటనిచ్చిన సంగతేమిటంటే, ఈ పొరపాటు నాకన్నా చాలా పెద్దవాళ్లు, చాలా పెద్ద ఎత్తున చేశారు.

జీసీసీని రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో మొదటిసారి విడుదల చేశారు. 1997లో, పని నత్తనడక నడుస్తోందని కొందరు డెవలపర్లు విడిపోయి 'ఈజీసీఎస్' పేరుతో వేరుకుంపటి పెట్టారు. ఆ వేరుకుంపటే బాగా పొంగింది. 1999లో దాన్నే అసలు జీసీసీగా గుర్తించారు, ఆ ఏడాదే 2.95 వచ్చింది. తర్వాత 3.0 మీద పని మొదలైంది కానీ అది ఎంతకీ తెమల్లేదు.

2000 సెప్టెంబర్‌లో రెడ్‌హ్యాట్ కంపెనీ తన లైనక్స్ 7.0ని విడుదల చేసింది. అందులో ఉన్న కంపైలర్ నంబరు 2.96. జీసీసీ బృందం ఎప్పుడూ 2.96ని విడుదల చెయ్యలేదు! ఇంకా తయారీలో ఉన్న కోడుని మధ్యలో ఒకరోజు తీసుకుని, రెడ్‌హ్యాట్ వాళ్లు తమ మరమ్మతులు తాము చేసుకుని, ఆ కోడు మీద అప్పటికి రాసి ఉన్న నంబరుతోనే పెట్టెలో పెట్టి పంపేశారు. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. 2.95లో సీ ప్లస్‌ప్లస్ సరిగా లేదు, కొత్త రకం ప్రాసెసర్లకి అది చాలదు. ఓపెన్ సోర్స్ కాబట్టి అలా చేసే హక్కూ ఉంది. ఆ కంపైలర్ అంత చెడ్డదేమీ కాదని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేనూ ఒప్పుకుంటాను. గొడవ కంపైలర్ నాణ్యత గురించి కాదు, దాని మీద రాసిన నంబరు గురించి.

దాంతో కట్టిన సీ ప్లస్‌ప్లస్ ప్రోగ్రాంలు ముందున్న 2.95తో కట్టినవాటితో కలవలేదు. తర్వాత రాబోయే 3.0తో కూడా కలవవు. లైనక్స్ కెర్నెల్‌ని కట్టుకోవడానికి రెడ్‌హ్యాట్ వాళ్లే పాత కంపైలర్ ఒకటి విడిగా 'కేజీసీసీ' పేరుతో ఇవ్వాల్సి వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో ఫిర్యాదులు వచ్చిపడితే, 2000 అక్టోబర్‌లో జీసీసీ స్టీరింగ్ కమిటీ ఒక ప్రకటన ఇచ్చింది. 2.96 అనేది తమ అధికారిక విడుదల కాదని, దాంతో కట్టినవి వేరేవాటితో కలవవని. తమ తయారీ కోడు నంబరుని 2.97కి మార్చేసుకున్నారు. 2.96 అనే అంకె అలా ఖాళీగా మిగిలిపోయింది. మీడియా ప్లేయర్ ఎంప్లేయర్ వాడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, 2.96తో కట్టబోతే అది మొరాయించేది. 3.0 చివరికి 2001 జూన్‌లో వచ్చింది.

జనం తిట్టింది ఎక్కువగా ఎవర్నో తెలుసా? రెడ్‌హ్యాట్‌తో పాటు జీసీసీ వాళ్లని కూడా. పెట్టె మీద వాళ్ల పేరే ఉంది మరి.

సున్నాకి ఎందుకంత భయం

ఈ కథ అంతా తెలిశాక ఇప్పటి వెర్షన్ నంబర్లు చూస్తే కొత్తగా అర్థమవుతాయి. 2015లో జీసీసీ 4.9 తర్వాత 5కి వెళ్లినప్పుడు లెక్క మొత్తం మార్చేశారు. అప్పట్నుంచీ ఏ వెర్షన్‌లోనైనా జనానికిచ్చే మొదటి విడుదలకి మధ్య అంకె సున్నా ఉండదు. తయారీలో ఉన్నంతసేపూ 15.0.0. విడుదలకి దగ్గరపడి పరీక్షల్లో ఉంటే 15.0.1. విడుదలయ్యేది 15.1. అంటే మధ్య అంకె సున్నా అని ఎవరి కంప్యూటర్‌లోనైనా కనిపిస్తే, అది ఇంకా పొయ్యి మీదున్న కూరేనని చూడగానే తెలిసిపోతుంది. ఎవరైనా దాన్ని గిన్నెలోకి వంపి వడ్డించినా, నంబరే పట్టిస్తుంది.

జీసీసీకి పోటీ అనదగ్గ ఎల్‌ఎల్‌వీఎమ్ కూడా 2024 మార్చిలో ఇదే దారి పట్టింది. 17.0తో మొదలైన 17వ వెర్షన్ తర్వాత 18.0 రాలేదు, నేరుగా 18.1.0 వచ్చింది. 'ఒక వెర్షన్ దాటేశారేంటి?' అని మా ఆఫీసులో కూడా అడిగారు. దాటెయ్యలేదు, సున్నాని తయారీకి వదిలేశారు.

పెద్ద అంకె మారితే కూడా ఒక అర్థం ఉంటుంది. 2024 మేలో జీసీసీ 14.1 వచ్చినప్పుడు, అంతకుముందు హెచ్చరించి వదిలేసే కొన్ని పాత తప్పుల్ని ఇక తప్పులుగానే పట్టుకుని ఆపేసింది. చెప్పకుండా ఫంక్షన్ వాడటం లాంటివి. ఏళ్లుగా నడుస్తున్న ఎన్నో పాత ప్రోగ్రాంలు ఆగిపోయాయి, వాటిని లైనక్స్ పంపిణీదార్లు ఒక్కొక్కటే సరిచేసుకోవాల్సి వచ్చింది. ఇలాంటివి 13.2 నుంచి 13.3కి వెళ్లేటప్పుడు జరగవు. చిన్న అంకె మారితే బగ్గులు పోతాయి తప్ప ప్రవర్తన మారదని వాడేవాళ్లు నమ్ముతారు.

వేట నిషేధం

వాడరేవులో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పుతీరమంతా 61 రోజుల నిషేధం. కంపైలర్లకీ అలాంటి కాలం ఒకటుంది.

జీసీసీ ఏడాదికోసారి, ఏప్రిల్-మే రోజుల్లో వస్తుంది. అంతకుముందు నవంబర్ దాకా ఎవరి కొత్త ఆలోచనలు వాళ్లు కలపొచ్చు, అది స్టేజి 1. తర్వాత స్టేజి 3, బగ్గులు సరిచెయ్యడమే. (స్టేజి 2 ఏమైందని అడక్కండి, ఎప్పుడో ఎత్తేశారు, నంబర్లు మాత్రం మార్చలేదు. నంబర్ల మీద ఇంత పట్టింపున్నవాళ్లే!) జనవరి నుంచి స్టేజి 4. ఇక ముందు పనిచేసి ఇప్పుడు పాడైనవాటినీ, పత్రాల్నీ తప్ప దేన్నీ ముట్టకూడదు. అతి ముఖ్యమైన జాబితాలోని బగ్గులన్నీ సున్నాకి చేరాకే విడుదల కొమ్మ చీలుస్తారు. జాకబ్ యెలినెక్, రిచర్డ్ బీనర్ లాంటి రిలీజ్ మేనేజర్లు ఏళ్ల తరబడి ఈ కాపలా పని చేస్తున్నారు. కొత్త ఫీచర్ రాసినవాళ్ల పేర్లు అందరికీ తెలుస్తాయి. 'ఇప్పుడు వద్దు, వచ్చే ఏడాది కలుపుదాం' అని వందసార్లు చెప్పేవాళ్లు ఎవరికీ గుర్తుండరు.

ఎల్‌ఎల్‌వీఎమ్‌ది ఆర్నెల్ల లెక్క. జనవరిలో, జులైలో కొమ్మ చీల్చి, పరీక్ష విడుదలలు ఒకటి రెండు మూడు వదిలి, కొన్ని వారాలకి అసలుది ఇస్తారు. ఆ తర్వాత రెండేసి వారాలకోసారి మరమ్మతు విడుదలలు. ఆ పరీక్ష విడుదలల్ని తమ తమ మెషీన్ల మీద కట్టి చూసి చెప్పేది ఎక్కువగా వాలంటీర్లే.

ఆ చెరువు సంగతి తర్వాత నాకూ చేసి చూడాలనిపించింది. ఒకసారి పరీక్ష విడుదల దించుకుని, నా ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్‌లో కట్టడం మొదలుపెట్టాను. మూట విప్పకముందే వంద ఎంబీ పైన ఉంది. సాయంత్రం ఏడింటికి మొదలైంది. పదకొండున్నరకి కరెంటు పోయింది. మళ్లీ మొదలు. రెండింటికి లింకింగ్ దగ్గర మెమరీ చాలక ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. ఒకేసారి నాలుగైదు లింకింగులు పెట్టుకోకుండా ఒక్కొక్కటే చేసుకోమని సెట్టింగు మార్చాక ఊపిరి పీల్చుకుంది. "ఆ ఫ్యాను చప్పుడేంటే, రైస్ మిల్లు పెట్టావా ఇంట్లో?" అని అమ్మ పక్కగదిలోంచి కేకేసింది. మరే అని చెప్పాను. మర్నాడు మధ్యాహ్నానికి కట్టడం, పరీక్షలు అయ్యాయి. అన్నీ పాసయ్యాయి. చెప్పుకోడానికి ఏమీ లేని ఫలితం, కానీ ఆ 'ఏమీ లేదు' అన్న మాట కోసమే ఇంత పని.

జీసీసీ కట్టడంలో నాకు బాగా నచ్చేదొకటుంది. కంపైలర్ కూడా ఒక ప్రోగ్రామే, దాన్ని కట్టడానికీ కంపైలర్ కావాలి. అందుకని మూడుసార్లు కడతారు. మీ మెషీన్‌లో ఉన్న ఏదో కంపైలర్‌తో మొదటిది. ఆ మొదటిదాంతో రెండోది. ఆ రెండోదాంతో మూడోది. రెండోదీ మూడోదీ బైటు తేడా లేకుండా ఒకేలా ఉండాలి. లేకపోతే కొత్త కంపైలర్ తనని తానే తప్పుగా అనువదించుకుంటోందని అర్థం, పని అక్కడే ఆగిపోతుంది.

మూటలో ఏముంది

కంపైలర్‌లో తేడా ఉంటే ఎంత లోతుకి వెళ్తుందో కెన్ థాంప్సన్ 1984లోనే చూపించారు. ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ ఇచ్చిన ఉపన్యాసంలో, కంపైలర్‌లో ఒక దొంగదారి పెట్టి, సోర్స్ కోడులో దాని ఆనవాలు కూడా లేకుండా చెయ్యొచ్చని వివరించారు. అప్పట్లో అదో మేధావి చమత్కారంలా అనిపించి ఉంటుంది.

2024 మార్చి 29న అలాంటిదే నిజంగా బయటపడింది. కంపైలర్‌లో కాదు, ఎక్స్‌జెడ్ అనే చిన్న పనిముట్టులో. ఫైళ్లని నొక్కి చిన్నవి చేసేది, దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. ఎల్‌ఎల్‌వీఎమ్ సోర్స్ మూట కూడా ఎక్స్‌జెడ్ మూటే. మారుపేరుతో ఒకరు రెండేళ్ల పైన ఓపిగ్గా సాయం చేస్తూ, నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే అధికారం చేతికి తెచ్చుకుని, 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టారు. దాన్ని పనిచేయించే ముఖ్యమైన ముక్క ఎక్కడ దాచారో చూడండి. అందరూ చూసే కోడులో కాదు, విడుదల మూటలో! గిట్‌లో లేని లైన్లు మూటలోని ఫైల్లో ఉన్నాయి. మూట విప్పి గిట్‌తో పోల్చి చూసేవాళ్లు ఎవరుంటారులే అన్న ధైర్యం. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని వెతుక్కుంటూ వెళ్లి దాన్ని పట్టుకున్నారు.

అప్పట్నుంచీ మూటకట్టడం అనేది గుమాస్తా పని అని ఎవరూ అనడం లేదు. మూట మీద డిజిటల్ సంతకం ఉండాలి. ఒకే సోర్స్‌ని ఇద్దరు వేర్వేరు చోట్ల కడితే ఒకే బైట్లు రావాలి. ఈ రెండోది వినడానికి తేలిగ్గా ఉంటుంది, చెయ్యడం కష్టం. కట్టిన తేదీ, సమయం ప్రోగ్రాంలోకి చొరబడితే చాలు, ఇవాళ్టిదీ రేపటిదీ వేరైపోతాయి. అందుకే జీసీసీ 7 నుంచి, తేదీ ఏం వెయ్యాలో బయటి నుంచి మనమే చెప్పే వీలు పెట్టారు.

లైనక్స్ పంపిణీల దగ్గరికి వచ్చేసరికి నంబరు ఇంకా పొడుగవుతుంది. ఉబుంటు 24.04లో క్లాంగ్ కంపైలర్ నంబరు 18.1.3-1ఉబుంటు1. గీతకి ముందున్నది ఎల్‌ఎల్‌వీఎమ్ వాళ్లిచ్చింది. గీత తర్వాత 1 డెబియన్ వాళ్ల మూట వరుస, దాని వెనక ఉబుంటు చేసిన మార్పు వరుస. లోపలి కంపైలర్ ఒక్క అక్షరం మారకపోయినా, మూట కట్టిన తీరు మారితే ఆ చివరి అంకె పెరగాల్సిందే. నేను పెంచనిది సరిగ్గా ఆ అంకే. పరీక్ష విడుదలకైతే డెబియన్ లెక్కలో ఒక అల గుర్తు పెడతారు, 18.1.0 తర్వాత అల, ఆ తర్వాత ఆర్‌సీ1. అల ఉన్న నంబరు అల లేనిదాని కన్నా చిన్నదిగా లెక్క. అందువల్ల అసలు విడుదల రాగానే పరీక్షది దానంతటదే పక్కకి తప్పుకుంటుంది.

కందిలో, బెంగళూరులో

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగే వ్యవహారం అనుకోకండి. హైదరాబాద్ ఐఐటీలో, అంటే సంగారెడ్డి దగ్గర కందిలో, రామకృష్ణ ఉపద్రష్ట బృందం ఎల్‌ఎల్‌వీఎమ్ మీదే పనిచేస్తుంది. ప్రోగ్రాంలని మెషీన్ లెర్నింగ్‌కి అర్థమయ్యే అంకెల వరుసలుగా మార్చే ఐఆర్‌టూవెక్ అక్కడ పుట్టింది, 2020లో పరిశోధన పత్రంగా వచ్చింది. ఎల్‌ఎల్‌వీఎమ్ బయట ఉండి దాని మీద ఆధారపడే ఏ ప్రాజెక్టుకైనా ఒక శాపం ఉంది. పెద్ద అంకె మారిన ప్రతిసారీ లోపలి తలుపులు, తాళాలు మారిపోతాయి. ఆర్నెల్లకోసారి మన కోడు మనం సరిచేసుకోవాలి, ఏ ఎల్‌ఎల్‌వీఎమ్‌తో మన ఏ వెర్షన్ పనిచేస్తుందో రాసిపెట్టుకోవాలి. ఆ ఐఆర్‌టూవెక్ 2025లో ఎల్‌ఎల్‌వీఎమ్ ప్రధాన కోడులోకే చేరింది. లోపలికి వెళ్తే తాళాలు మార్చేవాళ్లే మన తలుపు కూడా చూసుకుంటారు.

బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ ఉదయ్ కుమార్ రెడ్డి బొందుగుల ఎమ్‌ఎల్‌ఐఆర్ మొదటి బృందంలో ఒకరు. అంతకుముందే ప్లూటో అనే ఓపెన్ సోర్స్ పనిముట్టుతో ఆయన పేరు కంపైలర్ల లోకంలో అందరికీ తెలుసు. ఎమ్‌ఎల్‌ఐఆర్ 2019లో గూగుల్ నుంచి ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చి, ఆ ఏడాది చివరికే ఎల్‌ఎల్‌వీఎమ్‌లో భాగమైంది. ఇప్పుడు దాని నంబరూ ఎల్‌ఎల్‌వీఎమ్ నంబరే, విడుదల తేదీ కూడా.

ఇప్పుడు మా డబ్బాలో

ఆ రైతుకి నిజం చెప్పాం. కంపెనీ నష్టం కొంత భరించింది. మా సర్వర్‌లో ఒకసారి పెట్టిన మూట మీద ఇంకో మూట పెట్టడం ఇప్పుడు ఎవరి వల్లా కాదు, నా వల్ల కూడా. కొత్తది కడితే కొత్త వరుస నంబరే పడుతుంది. ఇప్పటికి ఏడు దాటాయి. మధ్యలో అయిదోది పనికిరాకుండా పోయింది, దాన్నీ తీసెయ్యలేదు, వాడొద్దని రాసి అక్కడే ఉంచాం. సెట్టింగుల్లోని హద్దు అంకెగా మారకపోతే డబ్బా ఎర్రలైటు వేసి ఏరియేటర్లు తిప్పేస్తుంది. కరెంటు బిల్లు పెరిగితే పెరగనీ.

తెర అడుగున చిన్న అక్షరాల్లో ఇప్పుడు రెండు నంబర్లుంటాయి. ఒకటి ప్రోగ్రాంది, ఇంకోటి దాన్ని కట్టిన కంపైలర్ మూటది. మొన్నామధ్య మూడో చెరువుకి కొత్త డబ్బా బిగించాక ఆయనే ఫోన్ చేశాడు, పగటిపూటే. మూడు డబ్బాల మీదున్న అంకెలూ వరసగా చదివి వినిపించాడు.

"మూడోదాని కింద నంబరు వేరేగా ఉందేంటమ్మా?"

"కంపైలర్ మూట మార్చాం బాబాయ్, అందుకని."

"అట్టా చెప్పు మరి" అని పెట్టేశాడు.